ఆకాశవాణిలో ఒక రోజు



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు కబురు పంపారు. ఏం రాయాలా అని రెండు రోజులు ఆలోచించి, చివరకు నాకు మాట నేర్పిన రేడియో మీదే రాయాలనుకున్నాను.

మా ఇంట్లో నాకంటే ముందు డిగ్రీ చదివినవారు లేరు. అమ్మకు సంతకం వచ్చు. నాన్న అయిదో తరగతితో మానేశారు. ఇంట్లో పుస్తకం అంటే నా పాఠ్యపుస్తకమే. కానీ తాత దగ్గర ఒక పాత రేడియో ఉండేది. మన గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి ఎడ్లబండి మీద చెరకు తోలే రోజుల్లో కొన్నాడట. బ్యాటరీలు జారిపోకుండా రబ్బరు బ్యాండు వేసి ఉంచేవాడు. ఆ రేడియోయే మా ఇంటి గ్రంథాలయం.

మన దేశంలో క్రమబద్ధమైన రేడియో ప్రసారాలు 1927 జూలై 23న బొంబాయిలో మొదలయ్యాయి. 1936లో ఆ సంస్థకు ఆలిండియా రేడియో అనే పేరు వచ్చింది. 1938 జూన్ 16న ప్రారంభమైన మద్రాసు కేంద్రం నుంచి తెలుగు మాట గాలిలో ప్రయాణించసాగింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబర్ 1న, మన విశాఖపట్నం కేంద్రం 1963 ఆగస్టు 4న వచ్చాయి. తాత రేడియోలో ముల్లు ఎప్పుడూ విశాఖ కేంద్రం దగ్గరే, అంటే 927 కిలోహెర్ట్జ్ దగ్గరే ఉండేది. ఆ తరంగం పొడవు సుమారు 324 మీటర్లు. ఇంత పొడవైన తరంగాలు పగలు నేలను అంటిపెట్టుకుని సాగుతాయి. రాత్రి పైనున్న అయానోస్ఫియర్ పొర వాటిని తిప్పి కిందికి పంపుతుంది. రాత్రిళ్లు మన రేడియోలో ఎక్కడెక్కడి భాషలో వినిపించేది అందుకే.

ఉదయం: సంగీతం, వార్తలు

తెల్లవారుతూనే ఆకాశవాణి సంకేత స్వరం వినిపిస్తుంది. దాన్ని కూర్చినవారిగా చెప్పే వాల్టర్ కాఫ్‌మన్ మన దేశస్థుడు కాదు. నాజీల బాధ పడలేక ఐరోపా విడిచి 1934లో బొంబాయి చేరిన యూదు సంగీతకారుడు. మన దేశం మేలుకునే పాటను ఒక కాందిశీకుడు కూర్చాడన్నమాట! ఆ తర్వాత వందేమాతరం, మంగళధ్వని, భక్తిగీతాలు. విజయవాడ కేంద్రం భక్తిరంజనికి రూపం దిద్దినవారిలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు ముఖ్యులు. 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చిన వేళ మద్రాసు కేంద్రం నుంచి టంగుటూరి సూర్యకుమారి గారు పాడిన గీతం ఆయన రాసిందే.

6.55కు సంస్కృత వార్తలు, 7.05కు ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. చాలా ఏళ్లు ఇదే వరస. అది విని మా వీధిలో గడియారాలు సరిచేసుకునేవారట. వార్తలు చదివేవారికి తొందర ఉండదు. వాక్యం ఎక్కడ ఆగాలో అక్కడే ఆగుతుంది. ఒత్తులు, దీర్ఘాలు స్పష్టంగా పలుకుతారు. నేను ఏడో తరగతిలో ఉండగా వాళ్లతోపాటు గొంతు కలిపి చదివేవాణ్ణి. అమ్మ నవ్వేది. నా ఉచ్చారణకు పునాది అదే.

మధ్యాహ్నం, సాయంత్రం: ప్రసంగాలు

రేడియోలో ప్రసంగమంటే తోచినట్టు మాట్లాడడం కాదు. ముందే రాసుకుని, ఇచ్చిన నిమిషాలకు సరిపడా కుదించుకోవాలి. వినేవాడు వెనక్కి తిప్పి చదువుకోలేడు. అందుకే చిన్న వాక్యాలు, ఒక వాక్యంలో ఒకే సంగతి ఉండాలి. పరీక్ష జవాబుకూ ఇదే సూత్రం పనికొస్తుంది. ఒకసారి ప్రయత్నించి చూడండి.

తాతకు మాత్రం సాయంత్రం వచ్చే వ్యవసాయదారుల కార్యక్రమమే ముఖ్యం. చెరకులో పీక పురుగు, ఎర్రకుళ్లు తెగులు, కార్శి తోట యాజమాన్యం లాంటి విషయాలు వస్తే మమ్మల్ని అరవనిచ్చేవాడు కాదు. చెరకు పరిశోధనకు 1913లో ఏర్పడిన అనకాపల్లి పరిశోధనా స్థానం మనకు దగ్గరలోనే ఉంది. అక్కడ కనిపెట్టినది చదువురాని రైతు పొలం గట్టు దాకా రావాలంటే ఆ రోజుల్లో రేడియోకు మించిన దారి లేదు. ఆ కార్యక్రమంలో పాత్రలు మన యాసలో మాట్లాడుకునేవి. తాత అచ్చం అలాగే మాట్లాడేవాడు.

ఈ సంగతి నాకు తర్వాత పనికొచ్చింది. పి.జి.లో చేరిన కొత్తలో ఒక సెమినార్‌లో "ఏటంటే..." అని మొదలుపెట్టాను. తరగతి అంతా ఘొల్లున నవ్వింది. నెల రోజులు నోరు విప్పలేదు. చదువు మానేసి వచ్చేద్దామని కూడా అనుకున్నాను. అప్పుడు తాత రేడియో గుర్తుకొచ్చింది. అదే కేంద్రంలో ఉదయం వార్తల భాష, సాయంత్రం రైతు భాష. ఒకటి గొప్పది, ఇంకొకటి తక్కువది అని రేడియో ఎన్నడూ చెప్పలేదు. దేని చోటు దానిది. రెండూ తెలిసినవాడే ధనవంతుడు కదా!

రాత్రి: నాటకం

1938లోనే మద్రాసు కేంద్రం ముద్దుకృష్ణ గారి 'అనార్కలి' నాటకాన్ని ప్రసారం చేసింది. రేడియో నాటకంలో తెర లేదు, వేషం లేదు. నటులు మైకు చుట్టూ నిలబడి, కాగితం చప్పుడు కాకుండా చదువుతారు. మైకుకు దూరం జరిగితే పాత్ర వెళ్లిపోయినట్టు. రెండు కొబ్బరి చిప్పలు తాటిస్తే గుర్రం పరుగెత్తినట్టు. సెల్లోఫేన్ కాగితం నలిపితే మంట లేచినట్టు. మిగిలిన బొమ్మంతా వినేవాడే గీసుకుంటాడు.

1956లో జాతీయ నాటక కార్యక్రమం మొదలైంది. ఒక భాషలోని మంచి నాటకాన్ని మిగతా భాషల్లోకి అనువదించి, ఒకే రాత్రి అన్ని కేంద్రాల నుంచి ప్రసారం చేసేవారు. మనం తెలుగులో వింటున్న నాటకాన్నే తమిళ, బెంగాలీ ఇళ్లలో వాళ్ల భాషల్లో వినేవారు. అంతకుముందే 1952లో జాతీయ సంగీత కార్యక్రమం వచ్చింది. టిక్కెట్టు కొనలేని మనలాంటివారికి గొప్ప విద్వాంసుల కచేరీ ఇంటికే వచ్చింది.

విజయవాడ కేంద్రం నుంచి వచ్చిన 'కన్యాశుల్కం' చాలామంది ఎరిగినదే. గురజాడ అప్పారావు గారు 1862లో పుట్టింది మన పక్కనున్న ఎస్.రాయవరంలో. 1892లో ఆ నాటకాన్ని మొదట విజయనగరంలో ఆడారు. మన ప్రాంతపు మాటలే తెలుగునాడంతా చెవి ఒగ్గి విన్నదంటే, మన యాసకు సిగ్గుపడాల్సిన పని ఏముంది?

తమ్ముళ్లకు ఒక మాట

తొమ్మిదో తరగతిలో మన హాస్టల్ వార్షికోత్సవానికి నాటకంలో వేషం ఇస్తామంటే నేను భయపడి దాక్కున్నాను. నా చొక్కాకు రెండు చోట్ల అతుకులున్నాయి. స్టేజీ ఎక్కితే అందరూ వాటినే చూస్తారని బెంగ. అప్పుడు ఒక సార్ "తెర వెనకనుంచి రేడియో నాటకంలా చదవండిరా" అన్నారు. అయిదుగురం ఒక్క మైకు చుట్టూ నిలబడి చదివాం. మా చొక్కాలు ఎవరికీ కనబడలేదు, గొంతులు మాత్రం చివరి వరస దాకా వినబడ్డాయి. మరుసటి ఏడు నేనే తెర ముందుకు వచ్చాను.

మా తాత ఇప్పుడు లేడు. మన ఊరు కూడా 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో చేరింది. రేడియో ఫోనులోకి వచ్చింది. ఆకాశవాణి కేంద్రాలను న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో వినవచ్చు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక రోజంతా వినండి. ఒక వార్త, ఒక ప్రసంగం, ఒక నాటకం గురించి నోటుబుక్కులో నాలుగేసి వాక్యాలు రాసుకోండి. వాటిని పైకి చదవండి. వచ్చే వార్షికోత్సవానికి ఒక రేడియో నాటకం వేయండి. దానికి కావలసింది ఒక మైకు, రెండు కొబ్బరి చిప్పలు, మీ గొంతు. అంతే!

మీ గొంతు వినడానికి నేను తప్పకుండా వస్తాను.