కిరసనాయిలు లెక్కలో దొరికిన వెలుగు: హరీశ్ హండే సౌర వ్యాపార ప్రస్థానం

పట్టుపురుగులను సాకే ఇంటికి రాత్రి ఒక పరీక్ష. కోలారు, హోసూరు ప్రాంతాల పల్లెల్లో ఈ కష్టం తెలియని కుటుంబం అరుదు. పురుగులు నాలుగో జ్వరం దాటిన తరువాత వేళకు ఆకు పడాలి. కరెంటు లేని రాత్రి బుడ్డి దీపం పట్టుకొని తట్టల మధ్య తిరగాలి. ఎండిన రెమ్మ ఒక్కటి అంటుకున్నా పంట మొత్తం బూడిదే. పొగ పట్టినా పురుగుకు చేటే. కాబట్టి ఆ ఇంటికి దీపం సౌకర్యం మాత్రమే కాదు, పెట్టుబడిలో ఒక భాగం. ఈ సత్యాన్ని గ్రహించి, పేదవాని ఇంటి దీపాన్ని బ్యాంకు అప్పు ఇవ్వదగిన వస్తువుగా మార్చినవారు హరీశ్ హండే. 1995లో బెంగుళూరు కేంద్రంగా ఆరంభమైన సెల్కో సంస్థకు ఆయన సహ వ్యవస్థాపకులు.

హండే కన్నడ కుటుంబానికి చెందినవారు. అయితే బాల్యం గడిచింది ఒడిశాలోని రూర్కెలాలో. ఉక్కు కర్మాగారంలో ఉపాధి కోసం తెలుగు కుటుంబాలు సైతం వెళ్ళి స్థిరపడిన ఊరది. కర్మాగారం కాలనీలో వెలుగులు, కొద్ది మైళ్ళ దూరంలోని అడవి పల్లెల్లో చీకటి. ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.లో శక్తి ఇంజనీరింగు చదివి, పై చదువులకు అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం లోవెల్ ప్రాంగణానికి వెళ్ళారు. ఆయన మొదట ఎన్నుకున్న పరిశోధనాంశం సూర్యతాపంతో పెద్ద యెత్తున విద్యుదుత్పాదన. 1990 దశకం తొలినాళ్ళలో కరీబియన్ ద్వీపదేశమైన డొమినికన్ రిపబ్లిక్‌కు వెళ్ళినపుడు ఆ నిర్ణయం మారింది. అక్కడి పేదల పూరిళ్ళపై చిన్న సౌర ఫలకాలు కనిపించాయి. ఎవరూ దానమిచ్చినవి కావు. కిరసనాయిలుకు, కొవ్వొత్తులకు ఖర్చయ్యే సొమ్మును వాయిదాలుగా చెల్లించి కొనుక్కున్నవి. హండే పరిశోధనాంశాన్ని మార్చుకొని, గ్రామీణ విద్యుదీకరణను చేపట్టారు. శ్రీలంక పల్లెల్లో కొంతకాలం కరెంటు లేని ఇళ్ళలోనే నివసించి, దీపం లేని సాయంకాలం ఎలా గడుస్తుందో చూశారు.

పట్టభద్రులైన తరువాత పెద్ద సంస్థలో ఉద్యోగం కష్టం కాదు. ఆయన మాత్రం నెవిల్ విలియమ్స్ అనే అమెరికన్‌తో కలిసి సెల్కోను నెలకొల్పారు. చేతిలో మూలధనం అత్యల్పం. తొలినాళ్ళలో సరుకును అరువుకు తెచ్చి, ఇంటింటికీ తిరిగి అమ్మి, తానే స్వయంగా ఫలకాలు బిగించేవారు. ఒక సామగ్రికి డబ్బు వసూలైతే మరొకటి తెచ్చేవారు. దక్షిణ కర్ణాటకలోను, మలనాడు ప్రాంతంలోను ఈ రీతిగా వ్యాపారం వేళ్ళూనింది.

సామగ్రి విషయం సులభమే. ఇంటి కప్పు మీద ఫలకం, లోపల బ్యాటరీ, ఆ రెంటి మధ్య ఛార్జి కంట్రోలరు, నాలుగు దీపాలు. పగలు ఫలకం బ్యాటరీని నింపుతుంది. రాత్రి బ్యాటరీ దీపాలను వెలిగిస్తుంది. బ్యాటరీ మోతాదుకు మించి నిండకుండా, అడుగంటకుండా కాపాడేది కంట్రోలరు. చిక్కంతా ధరలో ఉంది. 2000 దశకంలో నాలుగు దీపాల సామగ్రి ఖరీదు సుమారు 18,000 రూపాయలు. కూలి కుటుంబానికి అది ఒక్కసారిగా సమకూరే మొత్తం కాదు. సౌర దీపం ధనికుల వస్తువని నాడు అందరూ తీర్మానించినది ఈ ఒక్క అంకెను చూసే.

హండే చూసింది వేరొక అంకెను. 18,000లో 15 శాతం, అనగా 2,700 రూపాయలు ముందుగా చెల్లించి, మిగిలిన 15,300ను 12 శాతం వడ్డీతో 5 సంవత్సరాలకు విభజిస్తే నెలకు వచ్చేది సుమారు 340 రూపాయలు. కిరసనాయిలు, కొవ్వొత్తులు, టార్చి బ్యాటరీల ఖర్చును దీని ప్రక్కన పెట్టి చూస్తే, కొన్ని ఇళ్ళకు సరిసమానం, కొన్నింటికి కొంచెం అధికం. అయిదేళ్ళ తరువాత వాయిదా ఉండదు, సామగ్రి ఇంటిదే. కిరసనాయిలుకు అటువంటి ముగింపు లేదు.

లెక్క సరిపోయినా అప్పిచ్చేవారు కావాలి. అసలు కథ ఇక్కడే ఉంది. ట్రాక్టరుకు, పాడి గేదెకు అప్పు ఇచ్చే గ్రామీణ బ్యాంకు దీపానికి ఎందుకు ఇవ్వాలి? దానివల్ల ఆదాయం రాదు కదా అన్నది మేనేజర్ల ఆక్షేపణ. సామగ్రి చెడిపోతే రైతు వాయిదా మానేస్తాడన్నది రెండవ భయం. ఈ రెండవ భయం సమంజసమైనదే. ఉచితంగా పంచిన సౌర దీపాలు ఏడాది తిరిగేసరికి మూలపడిన ఉదాహరణలు ఊరూరా కనిపించేవి. అందుకు సెల్కో ఇచ్చిన సమాధానం శాఖా కేంద్రాలు. అమ్మిన చోటికి దగ్గరలోనే మరమ్మతు చేసే మనిషి ఉండాలన్నది నియమం. ధార్వాడ కేంద్రంగా పనిచేసిన మలప్రభ గ్రామీణ బ్యాంకు తొలి దశలో ముందుకు వచ్చి సౌర దీపాలకు రుణాలిచ్చింది. (ఆ బ్యాంకు 2005లో కర్ణాటక వికాస గ్రామీణ బ్యాంకులో విలీనమయింది.) ఒక బ్యాంకు దారి చూపిన తరువాత మరికొన్ని అనుసరించాయి.

నెలకు 300 రూపాయలంటే భారమని, రోజుకు 10 రూపాయలంటే సాధ్యమని ఒక వీధి వ్యాపారి చెప్పిన సంగతిని హండే పలు వేదికలపై ప్రస్తావించారు. రెండు మొత్తాలూ ఒకటే. కాని రోజు కూలిపై బ్రతికేవాని చేతిలో నెలాఖరుకు 300 నిలువ ఉండదు. సాయంకాలానికి 10 ఉంటుంది. ఈ ఎరుకతో వాయిదాను సంపాదన వచ్చే తీరుకు అనుగుణంగా మలిచారు: వరి రైతుకు కోతల తరువాత, చిల్లర వ్యాపారికి దినదినం. సామగ్రి కూడా అంతే. ఒక దీపం చాలిన ఇంటికి నాలుగు అంటగట్టరాదు. రెండు గదుల నడుమ గోడలో చిన్న కంత పెట్టి, ఒకే దీపం రెంటికీ వెలుగిచ్చేలా అమర్చిన ఇల్లు ఏ ఇంజనీరింగు పుస్తకంలోనూ ఉండదు.

ప్రయాణం నిరాటంకంగా సాగలేదు. ప్రపంచ బ్యాంకు సమూహానికి చెందిన అంతర్జాతీయ ఆర్థిక సంస్థ నుండి అప్పు తెచ్చి సెల్కో విస్తరణకు పూనుకొంది. త్వరగా పెరగాలన్న ఆతురతతో అమ్మకాలను డీలర్లకు అప్పగించారు. డీలరుకు అమ్మకంపైనే ధ్యాస, మరమ్మతుపై కాదు. అదే కాలంలో జర్మనీ ప్రభుత్వం సౌర విద్యుత్తుకు అధిక ధర చెల్లించే చట్టాన్ని బలపరచడంతో ప్రపంచమంతటి ఫలకాలు అటు తరలిపోయాయి. ఎక్కడో ఐరోపాలో జరిగిన ఉపకారం కర్ణాటక పల్లెలో ఫలకం ధర పెంచింది. 2005 ప్రాంతంలో సంస్థ నష్టాల్లో కూరుకుపోయింది. డీలర్ల పద్ధతిని విడిచి, సొంత శాఖలకు మరలి, త్వరగా లాభం కోరని కొత్త పెట్టుబడిదారులను వెదికి సంస్థను నిలబెట్టుకున్నారు. పెట్టుబడి ఎంత వచ్చిందన్న దానికన్నా, ఎంత ఓపికగలది వచ్చిందన్నది ముఖ్యమని ఆ అనుభవం నేర్పింది.

2005లోను, 2007లోను బ్రిటన్‌కు చెందిన యాష్‌డెన్ పురస్కారాలు సంస్థకు లభించాయి. 2011లో హండేకు రామన్ మెగసెసె పురస్కారం దక్కింది. అప్పటికి లక్షా ఇరవై వేల ఇళ్ళకు సెల్కో దీపాలు చేరాయి.

2010లో ఏర్పడిన సెల్కో ఫౌండేషన్‌తో హండే పాత్ర మారింది. అంతవరకు పెట్టుబడి అడిగినవారు, ఇతర ప్రాంతాల్లో తమవంటి చిన్న సంస్థలను పెట్టదలచిన యువకులకు మూలధనం, శిక్షణ సమకూర్చే స్థానానికి వచ్చారు. 2017లో ప్రారంభమైన సౌభాగ్య పథకంతో కరెంటు తీగ దాదాపు ప్రతి ఇంటికీ చేరింది. కనుక ఒట్టి దీపానికి మునుపటి అవసరం లేదు. ఇప్పుడు దృష్టి జీవనోపాధి యంత్రాలపై ఉంది. కుట్టు మిషను, పాలు పితికే యంత్రం, కమ్మరి కొలిమికి గాలి ఊదే బ్లోయరు, కుమ్మరి చక్రం వంటివి సౌరశక్తితో నడుస్తున్నాయి. కరెంటు పోతే కాన్పు ఆగని ఆరోగ్య కేంద్రాలు మరొక ముఖ్యాంశం.

సరిహద్దు పల్లెలకు సౌరశక్తి అనగానే గుర్తుకు వచ్చేది మరొక చిత్రం. తెలుగు మాట్లాడే జనం అధికంగా గల పావగడ తాలూకాలో 2019 నాటికి 2,050 మెగావాట్ల పార్కు పూర్తయింది. తిరుమణి, వళ్ళూరు పరిసరాల్లో అయిదు గ్రామాలకు చెందిన సుమారు 13,000 ఎకరాలను రైతుల నుండి కొనకుండా కౌలుకు తీసుకొన్నారు. ఎకరాకు ఏటా 21,000 రూపాయలు, రెండేళ్ళకొకసారి 5 శాతం పెంపు. వానలు లేక ఎండిన నేలకు ఇది స్థిరాదాయమే. కాదనలేము. కాని సెంటు భూమి లేని కూలికి కౌలు రాదు సరికదా, చేసుకునే సేద్యపు పనీ పోయింది. హండే పద్ధతిలో ఫలకం ఎవరి కప్పు మీద ఉందో వెలుగూ వారిదే, సొత్తూ వారిదే. పావగడలో ఫలకం ఒకరిది, నేల ఒకరిది, కరెంటు ఎక్కడిదో పట్టణానిది. దేశానికి రెండూ కావాలి. అయినా ఇంటి యజమాని వేసుకోవలసిన లెక్క రెంటికీ ఒకటి కాదు.

ఇంటి కప్పుపై సౌర సామగ్రి పెట్టదలచిన కుటుంబం ధరకన్నా ముందు అడగవలసిన ప్రశ్నలు సెల్కో అనుభవంలోనే ఉన్నాయి. మరమ్మతుకు వచ్చే మనిషి ఎంత దూరంలో ఉన్నాడు? మధ్యాహ్నపు వేళ చెట్టు నీడ ఫలకంపై పడుతుందా? బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు పోసే బాధ్యత ఇంట్లో ఎవరిది? ఫలకం పాతికేళ్ళు పనిచేసినా, సీసపు బ్యాటరీని అయిదారేళ్ళకొకసారి మార్చవలసిందే. వాయిదాలు తీరిన నెల నుండి అదే సొమ్ములో కొంత పోస్టాఫీసులో వేసుకున్న ఇంట్లో ఆరవ ఏట దీపం ఆరలేదు. వేసుకోని ఇంట్లో మళ్ళీ బుడ్డి వెలిగింది.