నేల విడిచే ముందు: చిన్న విమానంలో చమురు పీడనం, ఉష్ణోగ్రత

విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కోష్ పట్టణం కేంద్రంగా పనిచేసే ప్రయోగాత్మక విమానాల సంఘం 1992లో ‘యంగ్ ఈగిల్స్’ అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. 8 నుండి 17 సంవత్సరాల వయసుగల బాలబాలికలను స్వచ్ఛందంగా ముందుకు వచ్చిన పైలట్లు తమ చిన్న విమానాలలో ఉచితంగా ఆకాశంలో తిప్పి తీసుకువస్తారు. మన పిల్లలకు కూడా అందుబాటులో ఉన్న అవకాశమే ఇది. ఒక చలికాలపు ఉదయం మీ అమ్మాయినో అబ్బాయినో అటువంటి విమానం ఎక్కించి, మీరు కంచె ఇవతల నిలబడ్డారని అనుకుందాం. ఇంజను మొదలవుతుంది. ప్రొపెల్లరు తిరుగుతుంది. కాని విమానం కదలదు. ఐదు నిమిషాలు గడుస్తాయి, పది నిమిషాలు గడుస్తాయి. కారు తాళంచెవి తిప్పగానే బయలుదేరుతుంది కదా, దీనికి ఏమి వచ్చిందన్న సందేహం మీకు కలగడం సహజం.

ఆ సందేహానికి సమాధానం పైలట్ ఎదుట ఉన్న రెండు చిన్న మీటర్లలో ఉన్నది. ఒకటి ఇంజనులోని చమురు పీడనాన్ని, రెండవది దాని ఉష్ణోగ్రతను చూపుతాయి. ఈ రెండింటిని విడివిడిగా చదివితే పొరపాటు పడే ప్రమాదం ఉన్నది. కలిపి చదివినప్పుడే ఇంజను చెప్పే మాట అర్థమవుతుంది.

కందెన చేసే పని

కందెన అంటే ఏమిటో మన పల్లెలలో ఎవరికీ చెప్పవలసిన పని లేదు. ఎడ్లబండి ఇరుసుకు ఆముదం పూయకపోతే చక్రం కీచుమంటుంది, ఇరుసు అరిగిపోతుంది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో గుండ్రంగా తిరిగే విమాన ఇంజనులకు కూడా ఆముదాన్నే వాడారంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఆ ఇంజనులలో పెట్రోలు, కందెన ఒకే చోట కలుస్తాయి. ఆముదం పెట్రోలులో సులభంగా కరగదు కనుక దానిని ఎన్నుకున్నారు.

అయితే చమురు లోహాన్ని కేవలం నున్నగా చేస్తుందనుకోవడం సగం నిజమే. 1883లో బ్యూషాంప్ టవర్ అనే ఆంగ్ల ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులపై ప్రయోగాలు చేస్తూ, నూనె పోయడానికి బేరింగు పైభాగంలో ఒక రంధ్రం చేశాడు. ఇరుసు తిరుగుతుండగా నూనె ఆ రంధ్రంలోనుండి పైకి ఉబికి వచ్చింది. బిరడా బిగిస్తే దానిని కూడా తోసివేసింది. దీనికి గణిత వివరణను 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ అందించాడు. తిరిగే ఇరుసు తనతోపాటు నూనెను ఇరుకైన సందులోకి లాక్కుపోతుంది. అక్కడ నూనె చీలలాగా దూరి, ఇరుసును లోహానికి అంటకుండా పైకి ఎత్తిపడుతుంది.

అంటే ఇంజనులోని క్రాంక్‌షాఫ్టు లోహం మీద కాక, చమురు పొర మీద తేలుతూ తిరుగుతుంది. దాని భారాన్ని మోసే పీడనం ఆ పొరలోనే పుడుతుంది. పైలట్ మీటరులో చూసేది అది కాదు. పంపు చమురును బేరింగుల వరకు నెట్టుతున్న పీడనాన్ని మాత్రమే ఆయన చూస్తున్నాడు. బేరింగుకు చమురు అందకపోతే పొర ఏర్పడదు, లోహం లోహాన్ని రాసుకుంటుంది.

ఎక్కువ పీడనం మంచిదేనా?

చలికాలంలో కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టుకున్న అనుభవం మనలో చాలామందికి ఉంటుంది. ఇంజను చమురు అలా గడ్డకట్టకపోయినా చల్లబడినకొద్దీ చిక్కబడుతుంది. విమానాలలో వాడే ఎస్.ఎ.ఇ. 50 రకం చమురు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద కంటే 40 డిగ్రీల వద్ద దాదాపు పది రెట్లు చిక్కగా ఉంటుంది. మంచు కురిసే ఉదయాన అది పాకంలాగా ఉంటుంది.

అటువంటి చమురును పంపు నెట్టినప్పుడు సన్నని దారులలో అది సులభంగా పారదు. పారనందువల్లనే పీడనం పెరుగుతుంది. వైద్యవృత్తిలో ఉన్నవారికి ఇది వెంటనే బోధపడుతుంది. రక్తనాళాలు ఇరుకైనప్పుడు రక్తపోటు పెరుగుతుంది, అంతమాత్రాన అవయవాలకు రక్తం బాగా అందుతున్నదని అర్థం కాదు. అదే విధంగా చల్లని ఇంజనులో పీడనపు ముల్లు పైకి లేచినంత మాత్రాన చమురు ధారాళంగా పారుతున్నదని భావించరాదు. పీడనం మితిమీరినప్పుడు స్ప్రింగుతో పనిచేసే కవాటం ఒకటి తెరుచుకొని, చమురులో కొంత భాగాన్ని తిరిగి అడుగున ఉన్న తొట్టిలోకి పంపివేస్తుంది. పీడనం నిండుగా కనబడుతుండగానే బేరింగులకు అందే చమురు కొరవడవచ్చు.

ఉదాహరణకు కాన్సస్ రాష్ట్రానికి చెందిన సెస్నా సంస్థ విమానం 172 ఎస్‌ను తీసుకుందాం. ఇందులోని ఇంజను పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో లైకమింగ్ సంస్థ తయారుచేసినది. దీని చమురు పీడనం చదరపు అంగుళానికి 50 నుండి 90 పౌనుల మధ్య ఉంటే ఆకుపచ్చ పరిధిలో ఉన్నట్లు. 20కి దిగువన ఒక ఎర్రగీత, 115 వద్ద మరొక ఎర్రగీత ఉంటాయి. ఉష్ణోగ్రతకు ఆకుపచ్చ పరిధి 100 నుండి 245 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు. ఇంజను మొదలైన వెంటనే పీడనం 90 దాటడం చలిరోజులలో సాధారణమే. చమురు వేడెక్కి పలుచబడినకొద్దీ అది తనంతట తానే దిగివస్తుంది. ఈ తగ్గుదల లోపం కాదు, చమురు పారుతున్నదనడానికి శుభసూచన.

ఆ నిమిషాలలో ఏమి జరుగుతుంది?

పైలట్ మొదట చూసేది పీడనాన్నే. ఇంజను మొదలయ్యాక వేసవిలో 30 సెకన్లలోపు, తీవ్రమైన చలిలో సుమారు ఒక నిమిషంలోపు ముల్లు కదలకపోతే ఇంజను ఆపివేయాలని సెస్నా చేతిపుస్తకం చెబుతుంది. ముల్లు కదిలిన తరువాత ఇంజనును నిమిషానికి సుమారు వెయ్యి చుట్ల వేగంతో నెమ్మదిగా నడుపుతాడు. ఇక చూడవలసినది ఉష్ణోగ్రత మీటరు. థ్రాటిల్ పెంచినప్పుడు ఇంజను మొరాయించకుండా వేగం అందుకుంటే ఎగరడానికి సిద్ధమైనట్లేనని లైకమింగ్ చెబుతుంది. ఉష్ణోగ్రత ముల్లు ఆకుపచ్చలోకి వచ్చేవరకు ఆగే పైలట్లు చాలామంది. ఆస్ట్రియా దేశపు రోటాక్స్ 912 ఇంజనుకైతే చమురు కనీసం 50 డిగ్రీల సెల్సియస్‌కు చేరిన తరువాతనే పూర్తి శక్తి వాడాలనే నియమం ఉన్నది.

చమురు ఒక్కటే కాదు, లోహం కూడా వేడెక్కవలసి ఉన్నది. ఇంజను పెట్టె అల్యూమినియంది, క్రాంక్‌షాఫ్టు ఉక్కుది. వేడికి ఉక్కు కంటే అల్యూమినియం దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, చలికి అంతగానూ కుంచించుకుపోతుంది. కనుక గట్టి చలిలో పెట్టె ముడుచుకొని బేరింగుల సందులు ఇరుకవుతాయి. మరోవైపు, ఒక్కసారిగా పూర్తి శక్తి ఇస్తే అల్యూమినియం పిస్టను త్వరగా వేడెక్కి ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న ఉక్కు సిలిండరు ఇంకా చల్లగా ఉండి దానిని బిగపడుతుంది. అందువల్ల చాలా లైకమింగ్ ఇంజనులను 10 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే చల్లబడినప్పుడు, కాంటినెంటల్ ఇంజనులను 20 డిగ్రీల కంటే చల్లబడినప్పుడు, వెలుపలినుండి వేడిగాలి వంటి వాటితో వెచ్చబరచిన తరువాతనే మొదలుపెట్టాలని తయారీదారులు సూచిస్తారు.

అలాగని నేలమీద అరగంటసేపు నడపడమూ మేలు కాదు. ఈ ఇంజనులు గాలితో చల్లబడేవి. నిలిచి ఉన్న విమానానికి ఎదురుగాలి చాలదు కనుక చమురు పూర్తిగా కాగకముందే సిలిండర్లు మితిమీరి వేడెక్కవచ్చు. పైగా ఇంధనం మండినప్పుడు పుట్టే నీటి ఆవిరిలో కొంత చమురులో చేరుతుంది. ఆ తేమ ఆవిరైపోవాలంటే చమురు దాదాపు 180 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు కాగి కొంతసేపు అలాగే ఉండాలి. అది ఎగిరినప్పుడే సాధ్యం. నెలల తరబడి ఎగరని విమానాన్ని అప్పుడప్పుడు నేలమీద పది నిమిషాలు నడిపి ఆపివేస్తే తేమ పెరిగి తుప్పుకు దారితీస్తుంది.

గాలిలో అవే రెండు ముళ్ళు

నేలమీద నేర్చుకున్న ఈ పాఠం ఆకాశంలో ప్రాణరక్షణకు ఉపయోగపడుతుంది. పీడనం తగ్గినట్లు కనబడినా ఉష్ణోగ్రత మామూలుగా ఉంటే, లోపం మీటరులోనో కవాటంలోనో ఉండవచ్చు. అయినా సమీపంలోని విమానాశ్రయంలో దిగి పరీక్షించుకోవాలి. పీడనం పడిపోతూ ఉండగా ఉష్ణోగ్రత పెరుగుతూ ఉంటే పరిస్థితి వేరు. చమురు కారిపోయి ఉండవచ్చు, ఇంజను త్వరలోనే ఆగిపోవచ్చు. అప్పుడు వెంటనే శక్తి తగ్గించి, దిగడానికి అనువైన పొలమో మైదానమో వెతుక్కోవాలి. ఇంజను వేడెక్కుతున్నప్పుడు పీడనం తగ్గడం శుభసూచన. వేడెక్కి కుదురుకున్న తరువాత ఉష్ణోగ్రత పెరుగుతూ పీడనం తగ్గడం ఆపదకు సూచన. ముల్లు ఒకే దిశలో కదిలినా, రెండవ ముల్లును చూస్తేనే అర్థం తేలుతుంది.

అందుచేత మీ పిల్లవాడు ఎక్కిన విమానం కంచె అవతల కదలకుండా నిలబడి ఉంటే విసుగు చెందనవసరం లేదు. చిక్కబడిన చమురు పలుచబడి ప్రతి బేరింగుకు చేరేవరకు, ముడుచుకున్న లోహం సర్దుకునేవరకు ఆ పైలట్ వేచి ఉన్నాడు. నేలమీద ఇంజను మొరాయిస్తే పక్కకు తీసి ఆపుకోవచ్చు. రన్‌వే చివర చెట్ల మీదుగా పైకి లేస్తున్నప్పుడు ఆ సౌకర్యం ఉండదు. తిరిగివచ్చిన తరువాత ఆ రెండు ముళ్ళు ఎక్కడెక్కడ నిలిచాయో పిల్లవాడిని అడగండి. గమనించి చెప్పగలిగితే, ఆ ఉదయం అతడు విమానం ఎక్కడంతోపాటు భౌతికశాస్త్రంలో ఒక పాఠం కూడా నేర్చుకున్నట్లే.