భూపరీక్ష: నాటి గుంత, నేటి పటం

ఇంటిస్థలం కొనదలచిన భక్తులు పండితులను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: "స్వామీ, సింహద్వారం ఏ దిక్కుకు ఉండాలి?" సత్రానికో, అన్నదానశాలకో స్థలం సమర్పింపదలచిన దాతలూ ఇదే అడుగుతారు. ప్రశ్న తప్పు కాదు. కాని శాస్త్రక్రమంలో అది మొదటిది కాదు. ద్వారనిర్ణయానికి ముందు భూపరీక్ష చేయాలి. హస్తప్రమాణం గల గుంత త్రవ్వి, తీసిన మన్నుతోనే దానిని పూడ్చమన్నారు. మన్ను మిగిలితే ఉత్తమం, సరిపోతే మధ్యమం, చాలకపోతే అధమం. నేల స్వభావం తెలియకుండా దానిపై ఏదీ నిలుపరాదని దీని తాత్పర్యం.

అర్థశాస్త్రం మూడవ అధికరణంలో కౌటిల్యుడు 'వాస్తువు' అనే పదానికి చెప్పిన అర్థం గమనింపదగినది. ఇల్లు మాత్రమే కాదు. పొలం, తోట, కట్ట, చెరువు కూడా ఆయన లెక్కలో వాస్తువులే. రెండవ అధికరణంలో దుర్గనగరానికి తూర్పుపడమరలుగా మూడు, ఉత్తరదక్షిణాలుగా మూడు రాజమార్గాలు విధించి, నడుమ దేవతాగృహాలకు, ఆయా దిక్కులలో వేర్వేరు వృత్తులవారికి నెలవులు నిర్ణయించాడు. ఏ నేల దేనికి అన్నది పాలకులు ముందుగా ఆలోచించి నిర్ణయింపవలసిన విషయమని మన పూర్వులు ఎరిగినదే.

ఆ పనినే నేడు పురపాలక సంఘాలు, పట్టణాభివృద్ధి సంస్థలు మాస్టర్ ప్లాన్ అనే పటం ద్వారా చేస్తున్నాయి. మన ప్రాంతంలో దీనికి పునాది 1920 నాటి మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం. పట్టణాభివృద్ధి సంస్థల విషయంలో 2016 నాటి రాష్ట్ర చట్టం వర్తిస్తుంది. పటంలో నేలను నివాస, వాణిజ్య, పారిశ్రామిక, ప్రజోపయోగ, ఉద్యాన, వ్యవసాయ మండలాలుగా విభజించి ఒక్కొక్కదానికి ఒక్కొక్క రంగు వేస్తారు. ఏ రంగు నేలలో ఏది కట్టవచ్చునో, ఏది కట్టరాదో నియమాలు ఉంటాయి.

ఒకే నేల, మూడు పేర్లు

ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. ఒకే నేలకు మూడు వేర్వేరు చోట్ల మూడు పేర్లు ఉండవచ్చును. రెవెన్యూ దస్త్రాలలో అది మెట్ట, మాగాణి, గ్రామనత్తం, ఇనాం, వాగు పోరంబోకు, చెరువు పోరంబోకు వంటి వర్గాలలో ఒకటిగా ఉంటుంది. మాస్టర్ ప్లాన్‌లో దానికొక మండలం ఉంటుంది. రిజిస్ట్రేషన్ కార్యాలయంలో, ప్రభుత్వ భూములు, దేవాదాయ భూములు వంటివి రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షన్ కింద నిషిద్ధ జాబితాలో ఉంటాయి. ఈ మూడింటిలో ఒకచోట పేరు అనుకూలంగా ఉన్నంతమాత్రాన మిగిలిన రెండూ అనుకూలమని భావింపరాదు.

మాస్టర్ ప్లాన్‌లోని మండలాన్ని మార్చుకొనే విధానమూ చట్టంలోనే ఉన్నది. యజమాని దరఖాస్తు చేస్తాడు. అధికారులు స్థలాన్ని, దారిని, చుట్టుపక్కల వినియోగాన్ని పరిశీలిస్తారు. ముసాయిదా ప్రకటన వెలువరించి, నిర్ణీత గడువులోగా ప్రజల ఆక్షేపణలు, సూచనలు కోరుతారు. వాటిని పరిశీలించిన పిమ్మట రుసుము కట్టించుకొని తుది ఉత్తర్వు ఇస్తారు. ఆ ఉత్తర్వును యాజమాన్య హక్కుకు రుజువుగా వాడరాదని సాధారణంగా అందులోనే ఒక షరతు ఉంటుంది. అనగా రంగు మారినంతమాత్రాన హక్కు రాదు. భవనానుమతి మళ్ళీ వేరుగా పొందవలసిందే.

మార్పు స్వయంగా అధర్మం కాదు. ఊరు పెరిగితే ఇళ్ళు, వైద్యశాలలు, పాఠశాలలు కావాలి. ఊరి అంచునున్న మెట్టభూమి వాటికి ఇవ్వవలసి రావచ్చును. కాని కొన్ని నేలలు పేరు మారినా స్వభావం మారనివి. వాటిలో మొదటిది చెరువు.

కరువుసీమలో చెరువు

మన అనంతపురం పేరే ఒక చెరువుతో ముడిపడి ఉన్నది. బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు 1364 ప్రాంతంలో పండమేరుకు అడ్డంగా కట్ట వేయించాడనీ, ఆ చెరువుకు ఇరుదెసల బుక్కరాయసముద్రం, అనంతసాగరం వెలిశాయనీ స్థానిక చరిత్ర చెబుతున్నది. కట్ట తెగబోయినప్పుడు ఊరిని కాపాడటానికి ప్రాణమిచ్చిన ముసలమ్మ గాథను కట్టమంచి రామలింగారెడ్డిగారు కావ్యంగా రచించారు. ఏటా 550 మిల్లీమీటర్లకు అటూఇటూ మాత్రమే వాన పడే ఈ పీఠభూమిలో చెరువు లేనిదే ఊరు లేదు.

అయితే కరువుసీమలో చెరువుకు ఒక ప్రత్యేకమైన ఆపద ఉన్నది. కొన్నేళ్ళు నీరు రాకపోతే అది ఖాళీస్థలంగా కనిపిస్తుంది. వంక ఎండితే బండ్లబాటగా మారుతుంది. చూచేవారికి అక్కడ నేలే తప్ప నీరు తోచదు. కాని నీరు తన దారిని మరచిపోదు. 2022 అక్టోబరులో కుంభవృష్టి కురిసినప్పుడు అనంతపురం నగరంలో నడిమివంక పొంగి పలు కాలనీలు జలమయమైనవి. జనం ఇళ్ళు విడిచి బయటపడవలసి వచ్చింది.

అందువల్లనే భవన నియమాలు చెరువు గర్భంలో నిర్మాణాన్ని నిషేధించాయి. అంతేకాక, 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల పూర్తి నీటిమట్టం నుండి 30 మీటర్లు, అంతకు చిన్నవైన చెరువులు, కుంటల నుండి 9 మీటర్లు ఖాళీగా విడువవలెనని 2017 నాటి ఆంధ్రప్రదేశ్ భవన నియమాలు చెబుతున్నాయి. ఎండిన చెరువుకూ ఈ నియమం వర్తిస్తుంది.

తిరుపతి తీర్పు

ఈ విషయంలో యాత్రికులందరూ తెలియదగినది తిరుపతి ఉదంతం. 1990 దశకంలో అవిలాల చెరువు భూమిని గృహనిర్మాణ మండలికి, పేరూరు చెరువు భూమిని తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థకు ఇళ్ళ నిర్మాణానికై ప్రభుత్వం కేటాయించింది. చెరువులు నిరుపయోగంగా ఉన్నాయన్నది ప్రభుత్వపక్షపు వాదం. ఒక స్థానిక సంస్థ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చెరువులవంటి ప్రకృతి సంపదకు ప్రభుత్వం యజమాని కాదు, ప్రజలపక్షాన ధర్మకర్త మాత్రమేనన్న సూత్రాన్ని ఆధారం చేసుకొని, అక్కడ ఇకమీదట నిర్మాణాలు జరుగరాదని, అప్పటికే కట్టిన ఇళ్ళమీది వాననీటిని నేలలోకి ఇంకించాలని, పేరూరుకు నీరు తెచ్చే వంకను పునరుద్ధరించాలని ఆదేశించింది.

ధర్మకర్త అన్న మాట మనకు కొత్తది కాదు. దేవుని మాన్యానికి దేవుడే యజమాని. ధర్మకర్త దానిని కాపాడి తరువాతివారికి అప్పగిస్తాడు. 1987 నాటి దేవాదాయ చట్టం 80వ సెక్షన్ ప్రకారం కమిషనరు ముందస్తు అనుమతి లేని దేవాలయ భూవిక్రయం చెల్లదు. ధర్మశాస్త్రకారులు కూడా 'అదేయం' అనే వర్గంలో, అనగా ఈయరాని వాటిలో, ఇతరులు దాచుకొమ్మని ఇచ్చిన నిక్షేపాన్ని చేర్చారు. చెరువు మనకు పూర్వులు దాచి ఇచ్చిన నిక్షేపం, రాబోయేవారి సొత్తు. అమ్మే అధికారం ఎవరికీ లేదు. దానం చేసే అధికారమూ లేదు. దేవునికోసమైనా సరే, తనది కానిదానిని ఇస్తే అది దానం అనిపించుకోదు.

భక్తులు చేయదగినవి

స్థలం కొనేముందు, సమర్పించేముందు సర్వే నంబరుతో మూడు విచారణలు చేయండి. తహశీల్దారు కార్యాలయంలో పాత దస్త్రాల ప్రకారం ఆ నేల వర్గం ఏదో తెలుసుకోండి. పురపాలక కార్యాలయపు పట్టణ ప్రణాళికా విభాగంలో మాస్టర్ ప్లాన్ మండలం ఏదో అడగండి. ఉపరిజిస్ట్రారు కార్యాలయంలో నిషిద్ధ జాబితాను, భారాల ధ్రువపత్రాన్ని చూడండి. ఊరిలో వృద్ధులుంటే, పెద్దవాన వచ్చినప్పుడు నీరు ఎటు పారేదో కూడా అడగండి. దస్త్రంలో లేనిది వారి జ్ఞాపకంలో ఉండవచ్చును.

మీ పేటలో భూవినియోగ మార్పుకు ముసాయిదా ప్రకటన వెలువడితే, గడువులోగా చదివి, చెప్పవలసినది ఉంటే వ్రాతపూర్వకంగా చెప్పండి. సర్వే నంబరు, అభ్యంతర కారణం స్పష్టంగా వ్రాసి, అందినట్లు రసీదు తీసుకోండి. తుది ఉత్తర్వు వచ్చిన పిమ్మట పడే విచారం కంటె గడువులోపల వ్రాసిన ఒక కాగితం విలువైనది.

ఈ విచారణలు ముగిసి, నేల నిర్దోషమని తేలిన పిమ్మట, సింహద్వారం ఏ దిక్కుకు ఉండాలో తప్పక అడగండి.