చెత్త చట్టాలు: లెక్కకు రాని చేతులు

వాడి పారేసిన వస్తువును మళ్ళీ ముడిసరుకు చేసుకునే పద్ధతిని చక్రీయ ఆర్థిక వ్యవస్థ అంటున్నారు. పేరు కొత్తదే గానీ సంగతి మన ఉద్దానానికి కొత్తేం కాదు. పలాసలో జీడిపిక్కల తొక్కను వృథాగా పోనివ్వరు. కొంత పొయ్యిలో మండిస్తారు, కొంత నూనె తీస్తారు. ఆ నూనె రంగుల తయారీకీ, వాహనాల బ్రేకులకీ పోతుంది. పిక్క ఒలిచే ఆడవాళ్ళ చేతులు పొక్కించేది కూడా ఆ జీడే. తొక్కకు ధర ఉంది. మరి చేతికి? చెత్త చట్టాల్ని పోల్చి చూసేటప్పుడు మనం ముందుగా అడగాల్సిన ప్రశ్న ఇదే.

జర్మనీలో 1996లో అమల్లోకి వచ్చిన చట్టం సరుకు తయారుచేసినవాడి మీదే దాని చెత్త బాధ్యత పెట్టింది. జపాన్ 2000లో చేసిన చట్టం ముందు చెత్త తగ్గించు, తర్వాత తిరిగి వాడు, ఆ తర్వాతే కరిగించి కొత్తది చెయ్యి అని వరస నిర్ణయించింది. ఇవి ప్రధానంగా వస్తువు చుట్టూ అల్లిన చట్టాలు. బ్రెజిల్ 2010లో చేసిన చట్టం మరో అడుగు వేసింది. చెత్త ఏరుకునేవాళ్ళను పేరుపెట్టి గుర్తించింది. వాళ్ళ సహకార సంఘాలకు టెండరు లేకుండానే మునిసిపాలిటీలు పని అప్పగించవచ్చంది.

మన దేశంలో 2000 నాటి నియమాలు మునిసిపాలిటీలకే పరిమితం. 2016 నియమాలు చెత్త ఏరేవాళ్ళను గుర్తించి, వ్యవస్థలో కలుపుకోవాలన్నాయి. మంచిదే. కానీ అవి పలాస–కాశీబుగ్గ లాంటి మునిసిపాలిటీలకు వర్తించాయి గానీ, సంతబొమ్మాళి లాంటి మామూలు గ్రామ పంచాయతీల దాకా రాలేదు. 2024 డిసెంబరు ముసాయిదాలో గానీ గ్రామీణ సంస్థల్ని చేర్చలేదు. ఈలోగా రాష్ట్ర ప్రభుత్వం పల్లెల్లో 'చెత్త నుంచి సంపద' కేంద్రాలు కట్టించింది. రిక్షా తొక్కి చెత్త తెచ్చే మనిషికి 'గ్రీన్ అంబాసిడర్' అని పేరు పెట్టింది. పేరు ఘనంగానే ఉంది. చేతికిచ్చేది మాత్రం గౌరవ వేతనం.

ఇక్కడే కులం సంగతి మాట్లాడాలి. ఉత్తరాంధ్ర పట్టణాల్లో పారిశుధ్యం పనిని తరాలుగా రెల్లివాళ్ళ మెడకు చుట్టారు. కులం పనినే కాదు, పనిచేసే మనుషుల్నే మెట్లుగా విడగొడుతుందని అంబేద్కర్ 1936లోనే చూపించాడు. పాకీ పనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం వచ్చాయి. మురుగు గుంటల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. అంటే ఆ చావులు ఆగలేదన్నమాట. 2013 చట్టాన్ని చూసేది సామాజిక న్యాయ శాఖ, చెత్త నియమాలు చేసేది పర్యావరణ శాఖ. ఒకచోట మనిషి, ఇంకోచోట చెత్త. చెత్తతో బతికే మనిషి రెండింటి మధ్యా పడిపోతున్నాడు.

కాబట్టి గ్రామసభలో మనం అడగాల్సినవి ఉన్నాయి. ఎరువు అమ్మిన డబ్బు ఎవరికి పోతున్నది? తొడుగులు, బూట్లు, వైద్యం ఎవరిస్తారు? ఆ పనిలో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారా? చెత్తకు విలువ పెరిగాక కాంట్రాక్టు ఎవరి చేతికి పోతుంది? చెత్తగా ఉన్నప్పుడు మన వాడకీ, సంపదయ్యాక ఊళ్ళోకీ పోయేదైతే, ఆ చక్రం తిరిగినా మన బతుకులు అక్కడే ఉంటాయి.