ఎల్ఈడీ టెయిల్ లైట్లకు మారుతున్నారా? ముందు మీ ఫోన్‌తో ఈ టెస్ట్ చేయండి

పాత హాలోజన్ పీకేయండి, పది నిమిషాల్లో బండి లుక్ మారిపోతుంది అంటూ రీల్స్ మీద రీల్స్ వస్తున్నాయి కదా. ఆన్‌లైన్‌లో చూస్తే ఎల్ఈడీ టెయిల్ లైట్ బల్బులు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. మరి మార్చొచ్చా? మార్చొచ్చు, కానీ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. హెడ్‌లైట్ మనకు దారి చూపిస్తుంది. టెయిల్ లైట్ మన వెనక వచ్చేవాళ్ల కోసం ఉంది. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో డ్రైవింగ్ సీట్లో కూర్చున్న మనకు కనపడదు. అందుకే మా ఇంట్లోని ఏడేళ్ల హ్యాచ్‌బ్యాక్‌లో మూడు రకాల ఎల్ఈడీ బల్బులు మార్చి మార్చి పెట్టి, ఫోన్ కెమెరాతో చెక్ చేశాను. ఏం తేలిందో చూద్దాం.

అసలు అది హాలోజనేనా?

చాలా కార్లు, బైకుల్లో వెనక ఉండేది మామూలు ఫిలమెంట్ బల్బే. హాలోజన్ సాధారణంగా హెడ్‌లైట్‌లో ఉంటుంది. వెనక ఎక్కువగా కనిపించేది పీ21/5డబ్ల్యూ అనే రకం. ఒకే గాజు బుడ్డిలో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. 5 వాట్లది టెయిల్ లైట్‌కి, 21 వాట్లది బ్రేక్‌కి. అంటే ఒకే ఎర్ర అద్దం రెండు మాటలు చెప్పాలి. "ఇక్కడ బండి ఉంది", "బండి స్లో అవుతోంది". ఈ రెండింటికీ తేడా తెలియాలంటే బ్రేక్ వేసినప్పుడు వెలుగు ఒక్కసారిగా పెరగాలి. యూరప్‌లో వాడే యూఎన్ రెగ్యులేషన్ 7 ప్రకారం టెయిల్ లైట్ కనీసం 4 క్యాండెలా, బ్రేక్ లైట్ కనీసం 60 క్యాండెలా ఉండాలి. రెండూ ఒకే ల్యాంపులో ఉంటే బ్రేక్ వెలుగు కనీసం 5 రెట్లు ఎక్కువ ఉండాలి.

స్పీడ్‌లో ఎల్ఈడీదే గెలుపు

ఫిలమెంట్ వేడెక్కితేగానీ వెలగదు. ఎల్ఈడీకి ఆ గొడవ లేదు, కరెంట్ రాగానే వెలుగుతుంది. ఫోన్‌ని స్లో మోషన్‌లో 240 ఎఫ్‌పీఎస్‌కి పెట్టి వీడియో తీస్తే ఈ తేడా క్లియర్‌గా కనిపించింది. పాత బల్బు నిండుగా వెలగడానికి దాదాపు 40 ఫ్రేములు పట్టింది. ఎల్ఈడీ ఒకటి రెండు ఫ్రేముల్లోనే ఫుల్‌గా వెలిగింది. 40 ఫ్రేములంటే సెకనులో ఆరో వంతు. అదెంతలే అనుకోకండి. 80 కిలోమీటర్ల వేగంలో వెనకాల వచ్చే బండి ఆలోపు మూడున్నర మీటర్లకు పైగా ముందుకొచ్చేస్తుంది. సుమారుగా ఒక ఆల్టో కారు పొడవు. హైవే మీద సడన్ బ్రేక్ పడినప్పుడు ఆ దూరం చాలా పెద్దది.

అసలైన టెస్ట్ ఇది

చీకటి పడ్డాక కారు వెనక పది మీటర్ల దూరంలో ఫోన్‌ని స్టాండ్ మీద పెట్టండి. కెమెరాలో ప్రో మోడ్ ఓపెన్ చేసి ఐఎస్ఓ, షట్టర్, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్‌గా సెట్ చేయండి. ఆటోలో వదిలేస్తే కెమెరా వెలుగు తేడాని తనే సర్దేస్తుంది, టెస్ట్ వేస్ట్. బ్రేక్ లైట్ ఫొటోలో తెల్లగా పేలిపోకుండా ఉండేలా సెట్టింగ్ చూసుకోండి. అదే సెట్టింగ్‌తో టెయిల్ ఒకటి, బ్రేక్ ఒకటి తీసి పక్కపక్కన పెట్టి చూడండి. తర్వాత పక్కకు జరిగి ఏటవాలుగా కూడా తీయండి.

నేను ట్రై చేసినవాటిలో మొదటిది తెల్ల ఎల్ఈడీ. చేతిలో పట్టుకుంటే కళ్లు చెదిరాయి. ఎర్ర అద్దం వెనక పెట్టేసరికి డల్ అయిపోయి గులాబీ రంగులోకి దిగింది. కారణం సింపుల్: ఎర్ర అద్దం ఎరుపునే బయటికి వదులుతుంది, తెల్ల ఎల్ఈడీలో ఎరుపు పాలు తక్కువ. కాబట్టి ఎర్ర అద్దానికి ఎర్ర ఎల్ఈడీయే తీసుకోవాలి.

రెండోది ఎరుపే. టెయిల్ లైటే దాదాపు బ్రేక్ లైట్ అంత వెలిగింది. దూరం నుంచి చూడటానికి సూపర్. కానీ బ్రేక్ నొక్కితే పెద్దగా తేడా లేదు. నా దృష్టిలో మూడింటిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. వెనకవాడికి మనం ఎప్పుడూ బ్రేక్ మీదే ఉన్నట్టు కనిపిస్తాం, నిజంగా బ్రేక్ వేసినప్పుడు వాడికి కొత్తగా ఏమీ కనిపించదు.

మూడోది ఎరుపు, టెయిల్‌కీ బ్రేక్‌కీ తేడా కూడా బాగుంది. కాకపోతే ఏటవాలుగా చూస్తే పాత బల్బు కంటే వెలుగు తగ్గింది. లోపలి రిఫ్లెక్టర్‌ని ఫిలమెంట్ ఉండే చోటుని బట్టి డిజైన్ చేస్తారు. చిప్పులు అదే చోట లేకపోతే వెలుగు వెళ్లాల్సిన వైపు వెళ్లదు.

ఇండికేటర్, నెంబర్ ప్లేట్ సంగతి

ఇండికేటర్ కూడా ఎల్ఈడీ చేస్తే అది టకటకా డబుల్ స్పీడ్‌లో కొట్టుకోవచ్చు. 21 వాట్ల చోట రెండు మూడు వాట్లే లాగేసరికి, బల్బు పోయిందని ఫ్లాషర్ అనుకుంటుంది. దీనికి షాపుల్లో 6 ఓమ్‌ల లోడ్ రెసిస్టర్ పెడతారు. అది వెలిగిన ప్రతిసారీ 24 వాట్లు వేడిగా మార్చేస్తుంది. దాన్ని ప్లాస్టిక్‌కి గానీ వైర్లకి గానీ ఆనించకూడదు. విడిగా ఫ్లాషర్ రిలే ఉన్న బండికి ఎల్ఈడీ రిలే వేయించడమే మంచిది.

బైక్ వాళ్లకి ఇంకో మాట. చాలా బైకుల్లో నెంబర్ ప్లేట్ మీద పడే తెల్ల వెలుగు కూడా టెయిల్ బల్బుదే. ఎర్ర ఎల్ఈడీ పెడితే ప్లేట్ మీద కూడా ఎర్ర వెలుగే పడుతుంది. అలాంటి బండికి పాత బల్బే బెస్ట్.

చలాన్ మాటేమిటి?

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో సెక్షన్ 182ఏ మారింది. అనుమతి లేని మార్పులు చేయిస్తే ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. మిణుకుమిణుకుమనే బ్రేక్ లైట్లు, అద్దం మీద నల్ల ఫిల్మ్, ఎరుపు కాకుండా వేరే రంగుల జోలికి అసలు పోవద్దు. వైర్లు కట్ చేయిస్తే వారంటీకీ ఇబ్బందే.

ఏం కొనాలి?

మీ కారు మోడల్‌లోనే టాప్ వేరియంట్‌కి కంపెనీ ఎల్ఈడీ టెయిల్ ల్యాంప్ వస్తుంటే, ఆ ఒరిజినల్ యూనిట్ మీ బండికి సెట్ అవుతుందో లేదో సర్వీస్ సెంటర్‌లో అడగండి. కనెక్టర్ వేరుగా ఉండొచ్చు, ఖర్చు కూడా ఎక్కువే. కానీ అందులో రిఫ్లెక్టర్, చిప్పులు, అద్దం ఒకదానికొకటి కుదిరేలా చేసి ఉంటాయి. అది కుదరకపోతే, రిటర్న్ ఉన్న చోట ఎర్ర ఎల్ఈడీ బల్బులు కొని అదే రాత్రి ఫోన్ టెస్ట్ చేయండి. బ్రేక్ ఫొటోకీ టెయిల్ ఫొటోకీ ఒక్క చూపులో తేడా తెలియకపోతే, ఇంకేం ఆలోచించకుండా రిటర్న్ పెట్టేసి పాత బల్బు బిగించుకోండి.