రైలును ఆపే గాలి

పందొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం అమెరికాలో గూడ్సు బండిని ఆపాలంటే మనుషులు పెట్టెల పైకప్పుల మీద పరుగెత్తాల్సిందే. డ్రైవరు కూత వేయగానే బ్రేకు మనుషులు, వానైనా మంచైనా, ఒక పెట్టె మీంచి ఇంకో పెట్టె మీదికి దూకుతూ ఒక్కో పెట్టెకున్న ఇనప చక్రాన్ని చేత్తో తిప్పి బ్రేకు బిగించేవారు. కాలు జారి పట్టాల మీద పడి చనిపోయినవాళ్లు ఎందరో. ఇంత చేసినా బండి ఎక్కడ ఆగుతుందో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయేవారు.

రైలును ఆపడం ఎంత పనో లెక్క వేసి చూద్దాం. 1,000 టన్నుల రైలు గంటకు 108 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 30 మీటర్ల చొప్పున పోతోందనుకోండి. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చే ద్రవ్యవేగం 3 కోట్ల న్యూటన్-సెకన్లు. దాని గతిజశక్తి 45 కోట్ల జౌళ్లు. కరెంటు బిల్లు భాషలో 125 యూనిట్లు. బ్రేకులన్నీ కలిసి 6 లక్షల న్యూటన్ల బలంతో ఎదురు నిలిచాయనుకుందాం. ద్రవ్యవేగాన్ని ఆ బలంతో భాగిస్తే రైలు ఆగడానికి పట్టే కాలం వస్తుంది: 50 సెకన్లు. గతిజశక్తిని అదే బలంతో భాగిస్తే ఆగేలోపు పోయే దూరం వస్తుంది: 750 మీటర్లు. వేగం సగానికి తగ్గితే కాలం కూడా సగమవుతుంది. దూరం మాత్రం నాలుగో వంతుకు పడిపోతుంది, 190 మీటర్లు కూడా ఉండదు.

ఈ రెండు లెక్కల్లో అసలైనది ఏదని ఐరోపా పండితులు తరాల తరబడి వాదించుకున్నారు. కదలికకు కొలత ద్రవ్యరాశి, వేగాల లబ్ధమేనని డెకార్ట్ పక్షం. కాదు, వేగం వర్గాన్ని తీసుకోవాలని 1686లో లైబ్నిజ్ ఎదురు నిలిచాడు. తర్వాత హాలండ్‌లో గ్రేవ్‌సాండ్ ఇత్తడి గుండ్లను మెత్తటి బంకమట్టి మీదికి వదిలి చూశాడు. రెట్టింపు వేగంతో పడ్డ గుండు నాలుగింతల లోతుకు దిగింది. నిజానికి రెండు పక్షాలూ ఒప్పే. ఎంతసేపట్లో ఆగుతుందో ద్రవ్యవేగం చెబుతుంది, ఎంత దూరంలో ఆగుతుందో శక్తి చెబుతుంది. రైలు బ్రేకు చేసినవాళ్లకు ఈ రెండు ప్రశ్నలూ ఒకేసారి ఎదురయ్యాయి.

జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1846లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. ఎదురెదురుగా వస్తున్న రెండు గూడ్సు బండ్ల డ్రైవర్లు ఒకరినొకరు చూసుకుని కూడా ఆపలేక ఢీకొన్న ప్రమాదం మెరుగైన రైలు బ్రేకు చేయాలన్న ఆలోచనను అతని మనసులో నాటిందని చెబుతారు. ఆల్ప్స్ పర్వతాల్లో మాంట్ సెనిస్ సొరంగం తొలిచే యంత్రాలు గొట్టాల్లో దూరం నుంచి వచ్చే సంపీడన గాలితో నడుస్తున్నాయని ఒక పత్రికలో చదివాడు. గాలి అంత దూరం పోయి రాయిని తొలవగలిగితే, రైలు పొడవునా పోయి బ్రేకు ఎందుకు వేయలేదు? 1869లో పేటెంటు వచ్చేనాటికి అతనికి 22 ఏళ్లు.

ఆ తొలి బ్రేకు సూటిగా పనిచేసేది. ఇంజనులో ఆవిరి పంపు గాలిని తొట్టిలో కుదించి ఉంచుతుంది. డ్రైవరు మీట తిప్పితే గాలి గొట్టంలోంచి ప్రతి పెట్టె కింద ఉన్న సిలిండరులోకి పోయి బ్రేకు దిమ్మలను చక్రాలకు నొక్కుతుంది. ఇందులో లోపాలు రెండు. చివరి పెట్టెకు గాలి ఆలస్యంగా చేరుతుంది. సెకనుకు 30 మీటర్లు పోయే బండిలో ప్రతి సెకను ఆలస్యం ఇంకో 30 మీటర్లు. రెండోది ఇంకా ఘోరం: గొట్టం తెగితే బ్రేకే ఉండదు.

1872లో వెస్టింగ్‌హౌస్ వరసనే తిరగేశాడు. గొట్టంలో గాలి ఎప్పుడూ నిండుగా ఉంటుంది. ఒక్కో పెట్టెకు సొంత గాలి తొట్టి ఉంటుంది. గొట్టంలో పీడనం తగ్గగానే ఒక కవాటం కదిలి, ఆ తొట్టిలోని గాలిని సిలిండరులోకి వదులుతుంది. పీడనం మళ్లీ పెరిగితే బ్రేకు విడుస్తుంది, తొట్టి నిండుతుంది. కాబట్టి గొట్టం తెగినా, పెట్టెలు విడిపోయినా బ్రేకు దానంతటదే పడుతుంది. చెడిపోతే ఆగిపోయేలా యంత్రాన్ని కట్టడం, నా దృష్టిలో, అతని జీవితంలోకెల్లా గొప్ప పని.

దాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర తేలింది. సండే స్కూలు పిల్లలతో నిండిన విహారయాత్ర రైలు ఎత్తు ఎక్కలేక ఆగింది. పెట్టెలను రెండు భాగాలు చేసి తీసుకుపోదామని మధ్యలో విడదీశారు. ఆ రైలుకు ఉన్నది గొట్టంలోంచి గాలిని తీసేస్తే పనిచేసే వాక్యూమ్ బ్రేకు, అదీ తనంతట తాను పడని రకం. విడదీయగానే వెనక పెట్టెలకు గార్డు చేతి బ్రేకు, చక్రాల కింద పెట్టిన రాళ్లు తప్ప ఆధారం లేదు. అవి వాలు వెంట వెనక్కి దొర్లాయి. దిగిన ప్రతి మీటరుకూ గతిజశక్తి పెరుగుతూ పోయి వెనక వస్తున్న రైలును ఢీకొన్నాయి. 80 మంది చనిపోయారు. ప్రయాణికుల రైళ్లకు స్వయంచాలక బ్రేకు తప్పనిసరి చేస్తూ బ్రిటన్ పార్లమెంటు ఆ ఏడాదే చట్టం చేసింది. అమెరికా చట్టం 1893లో వచ్చింది.

దిమ్మను ఎంత గట్టిగా నొక్కితే అంత మంచిదనుకోవడమూ పొరపాటే. 1878లో ఇంగ్లండ్‌లో కెప్టెన్ డగ్లస్ గాల్టన్, వెస్టింగ్‌హౌస్‌తో కలిసి, నడుస్తున్న రైల్లోనే కొలతలు తీశాడు. పోత ఇనప దిమ్మకూ చక్రానికీ మధ్య ఘర్షణ అధిక వేగంలో తక్కువగా, ఆగబోయేటప్పుడు ఎక్కువగా ఉంటుందని తేలింది. చక్రం పూర్తిగా బిగుసుకుని పట్టా మీద జారితే ఆపే బలం ఇంకా పడిపోతుంది. ఆపే పని దూరం పొడవునా ఒకే తీరున సాగదన్నమాట.

మన దేశంలో వాక్యూమ్ బ్రేకే చాలాకాలం రాజ్యమేలింది. గొట్టంలో గాలిని ఎంత తీసేసినా వాతావరణ పీడనానికి మించిన బలం రాదు, అంటే చదరపు సెంటీమీటరుకు కిలో చొప్పున. ఇప్పటి ఎయిర్ బ్రేకు గొట్టంలో పీడనం 5 కిలోలు. మీరు పెట్టెలో చైను లాగితే జరిగేది ఆ గొట్టంలోని గాలి కొంత బయటికి పోవడమే. 1872 నాటి ఆ సూత్రమే నేటికీ రైలును ఆపుతోంది. కొత్త విద్యుత్ ఇంజన్లయితే గతిజశక్తిలో కొంత భాగాన్ని వేడిగా వృథా పోనీయకుండా పైతీగలోకే కరెంటుగా తిరిగి పంపుతున్నాయి.

అయినా శక్తి లెక్క మారలేదు. పైన చెప్పిన రైలు లోకో పైలట్ 300 మీటర్ల దూరంలో పట్టాల మీద మిమ్మల్ని చూసి, ఆ క్షణమే పూర్తి బ్రేకు వేశాడనుకోండి. మీ దగ్గరికి వచ్చేసరికి రైలు వేగం ఇంకా గంటకు దాదాపు 84 కిలోమీటర్లు ఉంటుంది. మధ్యలో మీకు దొరికేది 11 సెకన్లు. గేటు వేసి ఉన్నప్పుడు దాని కింద నుంచి బండి తోసుకుని పట్టాలు దాటకండి.