పిల్లికూన తుమ్మితే

పిల్లి ఎదురైతే ప్రయాణం ఆగుతుంది. తుమ్ము వినబడితే తలపెట్టిన పని ఆగుతుంది. తెలుగునాట ఈ రెండు నమ్మకాలూ తరతరాలుగా వస్తున్నవి. మరి పిల్లే తుమ్మితే? శకునశాస్త్రం ఏమంటుందో గాని, పశువైద్యశాస్త్రం మాత్రం ఆ తుమ్మును శకునంగా కాక వ్యాధిచిహ్నంగా చూడమంటుంది. చిహ్నాన్ని సకాలంలో గుర్తించిన ఇంట కూన బ్రతుకుతుంది; గుర్తించని ఇంట చాలాసార్లు బ్రతకదు.

జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చెల్పూరు అనే గ్రామం ఉన్నది. కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రం వల్ల ఆ ఊరి పేరు రాష్ట్రమంతటికీ తెలుసు. 500 మెగావాట్ల మొదటి యూనిట్ 2010లోను, 600 మెగావాట్ల రెండవ యూనిట్ 2016లోను అక్కడ ఉత్పత్తి ప్రారంభించినవి. ఆ చేరువనే కాకతీయుల నాటి గణపసముద్రమూ, గణపురం కోటగుళ్ళూ ఉన్నవి. ఒకవైపు బొగ్గు, మరొకవైపు చెరువు క్రింది వరి. ధాన్యం ఉన్నచోట ఎలుకలు తప్పవు. ఎలుకలున్నచోట పిల్లిని ఎవరూ కాదనరు. అందుచేత ఇటువంటి ఊళ్ళలో పిల్లి ముద్దుకు పెంచే జంతువు మాత్రమే కాదు, ధాన్యానికి కావలి కూడా.

అటువంటి ఇంట రెండు మూడు నెలల కూన ఒకటి ఎడతెరిపి లేకుండా తుమ్మసాగినదనుకొందాం. ఇంటివారు సాధారణంగా "దుమ్ము పడలేదు" అంటారు, లేదా "చలిగాలి సోకింది" అంటారు. పెద్దవారెవరైనా "దాని ఆయుష్షు అంతే" అని నిట్టూర్చి ఊరుకుంటారు. ఈ మూడు మాటలలో మొదటిదాన్ని ముందుగా పరీక్షించవచ్చు.

పొయ్యిపొగ, అగరువత్తులు, సాంబ్రాణి ధూపం, రోడ్డు దుమ్ము, ధాన్యం తూర్పార పట్టినప్పటి ఊక—ఇవన్నీ పిల్లి ముక్కుకు చికాకు కలిగించేవే. కాని వీటివల్ల తుమ్ములు వస్తే ముక్కునుండి కారేది నీళ్ళవలె తేటగా ఉంటుంది, జ్వరం ఉండదు, కూన ఆడుతుంది, తింటుంది, పొగలేని చోటికి మార్చితే కొద్ది కాలంలో నెమ్మదిస్తుంది. అలా కాక కళ్ళు పుసికట్టి, చీమిడి చిక్కబడి పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో మారి, కూన మూలకు చేరి ముడుచుకొన్నదంటే నేరం ధూళిది కాదు, అంటువ్యాధిది.

ఆ అంటువ్యాధికి మూలమేమిటో ప్రపంచానికి తెలిసి ఎంతోకాలం కాలేదు. 1957లో న్యూజీలాండులో ఫాస్టియర్ అనే శాస్త్రజ్ఞుడు పిల్లులలో ఒక వైరస్‌ను వేరుచేశాడు. తరువాత దానికి కాలిసివైరస్ అని పేరు వచ్చింది. 1958లో అమెరికాలో క్రాండెల్, మారర్ అనే ఇద్దరు తుమ్మే పిల్లికూనల నుండి మరొక వైరస్‌ను కనుగొన్నారు. అది హెర్పిస్ జాతికి చెందినది. పిల్లుల అంటుజలుబులో అత్యధిక భాగం ఈ రెండింటివల్లనే కలుగుతున్నది. ఇవి గాయపరచిన ముక్కుపొరల మీద తరువాత బాక్టీరియా చేరుతుంది. చీమిడి చిక్కబడటానికి అదే కారణం. ఈ రెండు వైరస్‌లూ మనుషులకు అంటవు. కాని మనుషుల చేతుల ద్వారా, బట్టల ద్వారా ఒక పిల్లినుండి మరొక పిల్లికి చేరుతవి.

రెండు మూడు నెలల ప్రాయంలోనే ఈ జబ్బు ఎందుకు ఎక్కువ? పుట్టిన కూనకు తల్లిపాలతో రోగనిరోధక శక్తి అందుతుంది. ఆ అరువు శక్తి ఆరు వారాలనుండి పన్నెండు వారాలలోగా క్షీణిస్తుంది. సొంతశక్తి అప్పటికింకా పూర్తిగా కుదురుకోదు. తల్లి అరువు తీరి, తన సంపాదన మొదలుకాని ఆ నడిమికాలంలోనే వైరస్ దెబ్బతీస్తుంది.

ఇక్కడ తెనాలి రామకృష్ణుని పిల్లి కథ జ్ఞాపకం రాక మానదు. రాయలవారిచ్చిన పిల్లికి రామకృష్ణుడు మొదటిరోజే సలసల కాగే పాలు పోశాడట. మూతి కాలిన ఆ పిల్లి మరి పాలగిన్నె చూస్తేనే పరుగెత్తిందట. సభవారికి అది పాలంటే గిట్టని వింత పిల్లిగా కనిపించింది. కారణం రామకృష్ణునికొక్కనికే తెలుసు. జలుబు చేసిన కూన విషయంలోనూ ఇంతే. గిన్నె ముందు పెట్టినా అది ముఖం తిప్పుకుంటే మంకుతనమని గాని, ఆకలి లేదని గాని అనుకోకూడదు. పిల్లి ఆహారాన్ని ప్రధానంగా వాసనతోనే గుర్తిస్తుంది. ముక్కు మూసుకుపోయిన పిల్లికి ముందున్నది చేపో, చెక్కముక్కో తెలియదు. పైగా కాలిసివైరస్ నాలుకమీద పుండ్లు పుట్టిస్తుంది, తినబోతే మంట. కూన ప్రాణం తీసేది తరచు తుమ్ము కాదు. తినక, తాగక కలిగే నీరసం దాన్ని ఎక్కువగా బలిగొంటుంది.

కాబట్టి ఇంటి శుశ్రూషలో మొదటి పని ముక్కు తెరవడం, రెండవది వాసన చూపించడం. కాచి చల్లార్చిన గోరువెచ్చని నీటిలో దూది తడిపి ముక్కునూ కళ్ళనూ మెల్లగా తుడవాలి. ఒక్కొక్క కంటికి ఒక్కొక్క దూదిపింజ వాడాలి. స్నానాలగదిలో బకెట్టు నిండా వేడినీళ్ళు కూనకు అందనంత దూరాన పెట్టి, తలుపు మూసి, పది నిమిషాలసేపు ఆ ఆవిరిలో కూనను ఒళ్ళో ఉంచుకోవాలి. రోజుకు రెండుసార్లు చేస్తే చీమిడి పలచబడుతుంది. వెంటనే ఉడికించిన చేపనో, మాంసపు రసాన్నో గోరువెచ్చగా పెట్టాలి. వెచ్చదనం వాసనను పెంచుతుంది. అందులో ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఉండకూడదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలకు విషం. కోళ్ళ అంగడి పచ్చి వ్యర్థాలు అసలే వద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లోని చింద్వాడాలో పెంపుడు పిల్లులలో బర్డ్‌ఫ్లూ బయటపడింది. ఉడకని కోడిమాంసం పిల్లికి పెట్టకూడదనడానికి అదొక హెచ్చరిక.

చెయ్యకూడని పనులు చెయ్యవలసిన వాటికంటె ముఖ్యమైనవి. ఇంట్లోని జ్వరంబిళ్ళ, అంటే పారాసిటమాల్, మనిషికి మందు, పిల్లికి ప్రాణాంతకం. ఆ మందును విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలదు. రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది. చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతవి. సగం బిళ్ళయినా, పావు బిళ్ళయినా ఇవ్వరాదు. కర్పూరం, నీలగిరి తైలం, జలుబు లేపనాలు రాస్తే పిల్లి తన ఒంటిని తానే నాకి వాటిని మింగుతుంది. పసిపిల్లలకు వేసినట్లు సాంబ్రాణి పొగ వేస్తే ఊపిరి మరింత ఉక్కిరిబిక్కిరి అవుతుంది. నేల కడిగే ఫినాయిల్ సైతం పిల్లికి హానికరమే.

తుమ్ము వేరు, దగ్గు వేరు. తుమ్ము ముక్కుది, దగ్గు గొంతుది, ఊపిరితిత్తులది. నేలకు కరుచుకొని మెడ చాచి దగ్గే కూనను చూసి చాలామంది వెంట్రుకలు కక్కుతున్నదనుకొంటారు. కక్కితే ఏదో ఒకటి బయట పడాలి. ఏమీ పడకపోతే అది దగ్గే కావచ్చు. కూనల దగ్గుకు పురుగులు కూడా ఒక కారణం. కడుపులో ఏలికపాముల పిల్లలు పేగులకు చేరేముందు ఊపిరితిత్తుల గుండా ప్రయాణం చేస్తవి. నత్తలలో పెరిగి, వాటిని తిన్న బల్లులు, పక్షులు, ఎలుకల ద్వారా పిల్లికి చేరే ఊపిరితిత్తుల పురుగు మరొకటి ఉన్నది. ఉబ్బసం కూడా పిల్లులకు వస్తుంది. వీటిలో ఏది ఎక్కడ ఉన్నదో తేల్చడం వైద్యుని పని.

వైద్యుని వద్దకు ఎప్పుడు పోవాలి? నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, చిగుళ్ళు పాలిపోయినా, నీలిరంగు తిరిగినా క్షణం ఆగకూడదు. రోజంతా ఏమీ తినకపోయినా, కన్ను తెరవలేకపోయినా, నోటినుండి చొంగ కారుతున్నా ఆనాడే పోవాలి. రెండు నెలలలోపు కూన ఒక పూట తినకపోయినా ఆలస్యం చెయ్యరాదు. పది రోజులు దాటినా తుమ్ములు, దగ్గు తగ్గకపోతే, తగ్గి మళ్ళీ మళ్ళీ వస్తుంటే అది మామూలు జలుబనుకోరాదు. పల్లెలలో పశువైద్యమంటే ఎడ్లకూ గేదెలకూ మేకలకూ అనుకోవడం పరిపాటి. పిల్లికి వైద్యమేమిటని నవ్వేవారూ ఉంటారు. పశువైద్యుని చదువులో పిల్లి కూడా ఒక పాఠమే. వరంగల్లు దగ్గర మామునూరులో పశువైద్య కళాశాలే ఉన్నది.

పాఠశాల విద్యార్థులు ఈ విషయంలో పెద్దలకు ఎంతో సాయపడగలరు. కూన నిద్రపోతున్నప్పుడు ప్రక్క ఎన్నిసార్లు ఎగసిపడుతున్నదో ఒక నిమిషం పాటు లెక్కపెట్టవచ్చు. ఇరవై ముప్పై మధ్య ఉంటే ఆందోళన లేదు. పదేపదే నలభై దాటితే ప్రమాదసూచన. వంటింటి త్రాసులో తూచి బరువు వ్రాసుకోవచ్చు. ఎదిగే కూన వారానికి సుమారు 100 గ్రాములు పెరగాలి. చీమిడి రంగు, తిన్న తిండి, తుమ్ములు ఏ వేళ ఎక్కువ—ఇవన్నీ తేదీవారీగా ఒక నోటుపుస్తకంలోకి ఎక్కితే, నోరులేని రోగి తరఫున ఆ పుస్తకమే వైద్యునితో మాట్లాడుతుంది. విజ్ఞానశాస్త్రపు తొలిపాఠమైన పరిశీలన ఇంతకంటె దయతో కూడి మరెక్కడ దొరుకుతుంది?

జబ్బు తగ్గినంతమాత్రాన కథ ముగియదు. హెర్పిస్ వైరస్ నరాలలో దాగి జీవితాంతం ఉండిపోవచ్చు. ఇల్లు మారినా, కొత్త పిల్లి వచ్చినా, బెదిరినా తిరిగి తలెత్తుతుంది. అందుచేత కోలుకొన్న పిల్లికి నిశ్చింత అవసరం. జబ్బుపిల్లి గిన్నె, పడక వేరుగా ఉండాలి. దాన్ని తాకిన చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆరోగ్యంగా ఉన్న కూనకు ఆరు, ఎనిమిది వారాల మధ్య టీకా మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేవరకు మూడు నాలుగు వారాలకొకసారి వేయిస్తారు. టీకా జబ్బును పూర్తిగా అడ్డుకోకపోయినా ప్రాణం మీదికి రాకుండా చాలావరకు కాపాడుతుంది.

ఇంట్లో పసివాడు తుమ్మితే "చిరంజీవ" అని దీవించడం మన పెద్దల అలవాటు. వసారాలో గోనెసంచి మీద ముడుచుకొన్న ఆ చిన్నప్రాణి తుమ్మినప్పుడు కూడా ఎవరో ఒకరు ఆ మాట అని, గోరువెచ్చని చేపరసం గిన్నె దాని ముందుకు జరిపితే, ఆ దీవెన ఫలించే అవకాశం ఉంటుంది.